నిండు తట్టలు

మనిషి పడిన చప్పుడు మిల్లరు మోతలో మాకెవరికీ వినపడలేదు. పైన గోడ కడుతున్న తాపీ మేస్త్రీ కాళ్ల కింద పరంజా పలక జారింది. ఇసక మీద పడినా బతికేవాడేమో, ఇటుకల దొంతర మీద పడ్డాడు. కాంక్రీటు కలిపే ఆ మిల్లరులోకి పారతో కంకర ఎత్తిపోసేదాన్ని నేను. తలెత్తి చూసేసరికి, తట్టలు అందించే ఆడవాళ్ల వరుస ఆగిపోయి ఉంది. పడినవాడి భార్య కూడా ఆ వరుసలోనే ఉంది. ఆమె తట్ట ఆమె చేతుల్లోనే ఉండిపోయింది.

సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. వంగి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. లేచి చేతులు దులుపుకుని మొదట అన్న మాట ఇది.

"వరుస ఎందుకాగింది?"

రెండో మాట ఆమెతో అన్నాడు. "ఆ తట్ట పక్కదానికిచ్చి బయటికి రా. ఇవాళ్టి నుంచి నీది సగం జోడీ."

ఆమె కదల్లేదు. ఆమెకు అటూ ఇటూ ఉన్న ఇద్దరూ చేతులు చాచి తట్ట లాక్కున్నారు, దగ్గరికి జరిగారు. ఖాళీ పూడింది, పని సాగింది. మాలో ఎవరు స్పృహ తప్పినా, ఎవరికి నొప్పులొచ్చినా ఇంతే. వరుసలో ఖాళీ కనపడకూడదన్నది ఈ సైటులో మా చేతులకు నేర్పిన మొదటి పాఠం. లోపల ఏడుపు తన్నుకొస్తున్నా చేతులు మాత్రం ఆ పని చేసుకుపోతాయి. ఆమె వెళ్లి మొగుడి శవం పక్కన కూలబడింది. మేము ఆమె పక్కనుంచే తట్టలు అందించుకున్నాం.

జోడీ అంటే ఏమిటో తెలియని కాలేజీ పిల్లలు ఇది వింటూ ఉండొచ్చు. మా కాంట్రాక్టరు మనుషుల్ని పనిలో పెట్టుకోడు, మొగుడూ పెళ్లాల జోడీల్ని పెట్టుకుంటాడు. మగవాడికి తాపీ, రాడ్లు, మిషను. ఆడదానికి తట్ట. ఇద్దరి కూలీ మగవాడి చేతికి. ఇద్దరిలో ఒకరు రాకపోతే ఇద్దరూ రానట్టే. అందుకని పెళ్లానికి జ్వరమొస్తే మొగుడే లేపుకొస్తాడు, లేవకపోతే తన్ని లేపుకొస్తాడు. కాంట్రాక్టరు కాపలావాళ్లకు జీతం దండగ చెయ్యలేదు. షెడ్డుకొక కాపలావాణ్ణి మేమే వండిపెట్టి పోషించాం. ఎవరైనా అడిగితే, "సంసారులైతే సైటు పద్ధతిగా ఉంటుంది" అనేవాడు.

శవాన్ని సాగనంపి ఆమె తిరిగొచ్చింది. నడుముకు మొగుడి తాపీ దోపుకుని వచ్చింది. మనిషి మా అందరికంటే తలంత ఎత్తు ఉంటుంది, అందుకే చిన్నా పెద్దా పొడుగక్క అంటాం. పై అంతస్తుకు తట్టలు వెళ్లే నిచ్చెన దగ్గర పొడుగు చేతులు కావాలి కాబట్టి సూపర్‌వైజరు ఆమెను వెంటనే గెంటెయ్యలేదు.

"స్లాబు పోసేదాకా ఉండు," అన్నాడు. "ఆ సాయంత్రానికి జోడీ కట్టుకో. రాడ్ల మనిషి ఉన్నాడు కదా, ఒంటరిగా కాలిపోతున్నాడు పాపం. పిల్లా పీచూ లేదు, నీకేం అడ్డం?"

రాడ్ల మనిషంటే స్లాబుకు ఇనుప రాడ్లు వంచి కట్టేవాడు. అతని మొదటి పెళ్లాం విరిగిన వేళ్లతో సైటు దాటి పారిపోయింది. అతను అక్కడే నిలబడి పొడుగక్కను పై నుంచి కింది దాకా చూసుకుంటున్నాడు.

"నేనొక్కదాన్నే ఉంటాను," అంది పొడుగక్క. "పని ఎగ్గొట్టను. ఎవరి జోడీనీ కాను."

"ఒంటరి ఆడది షెడ్డులో ఉంటే సైటంతా చెడుతుంది. స్లాబు సాయంత్రం. ఆ తర్వాత నీ పెట్టె రోడ్డు మీద ఉంటుంది."

మేమంతా ఆమె వైపు నిలబడ్డామనుకునేరు. నిలబడలేదు. కాంట్రాక్టరు కంటే మేమే ఎక్కువ కాల్చుకుతిన్నాం. ఆమె పక్క షెడ్డులో ఉండే వదిన (సైటంతా ఆమెను వదినా అనే పిలుస్తుంది) నీళ్ల డ్రమ్మును పొడుగక్క గుమ్మం ముందు నుంచి రాత్రికి రాత్రి దూరంగా జరిపించింది. మొగుడు నీళ్లకు వెళ్లే వంకతో అక్కడ ఆగుతాడని ఆమె భయం. పొడుగక్క నవ్వితే తప్పు, నవ్వకపోతే పొగరు. అన్నం సరిగ్గా తింటుందని కూడా చెప్పుకున్నాం. మొగుడు పోయిన ఆడది ఎంత తినాలో కొలతలు మా దగ్గరే ఉన్నట్టు మాట్లాడాం.

మా పిల్లలకు అక్షరాలు చెప్పడానికి సెలవు సాయంత్రాల్లో ఒక కాలేజీ పిల్ల వచ్చేది. ఆ వారం పిల్లల్ని ఆడుకోమని పంపి, కింది అంతస్తులో, ఇంకా తలుపులు బిగించని గదిలో మమ్మల్ని కూర్చోబెట్టింది. స్త్రీవాదం అనే మాట చెప్పింది.

"అదేంటమ్మా, జబ్బా?" అంది పెద్దమ్మ. వరుసకు ముందు నిలబడే ముసలామె ఆమె. పళ్లు సగం పోయినా నోరు మాత్రం పోలేదు.

కాలేజీ పిల్ల నవ్వింది. "ఆడవాళ్లు కూడా మనుషులేనని అనుకోవడం పెద్దమ్మా. మీలో ఒక్కొక్కరికీ ఏం కావాలో చెప్పండి, అక్కణ్ణుంచే మొదలుపెడదాం."

"నాకు దొడ్డికి తలుపు కావాలి," అంది పెద్దమ్మ తడుముకోకుండా. "తలుపూ, లోపల గడియా. ఇంత ముసలిదాన్నయ్యాను, ఒక్కసారి కూడా ధైర్యంగా కూర్చోలేదు. మీ వాదంలో తలుపుంటే నేనూ ఆ వాదమే."

అందరం నవ్వాం. వదిన నవ్వలేదు. "మా ఆయన నన్ను పల్లెత్తు మాట అనడు. నాకే వాదమూ అక్కర్లేదు. నా సంసారం నాకుంటే చాలు. జోడీ పద్ధతి తీసేస్తే మగవాళ్లు మమ్మల్ని ఒదిలేసి పోరా? అప్పుడు మా చేతికేముంటుంది, తట్టా?" అని పొడుగక్క వైపు చూసి మూతి తిప్పింది.

కోడలు మూలన కూర్చుంది. అత్తలెవరూ ఇక్కడ లేకపోయినా, సైటుకు కొత్తగా కాపురానికొచ్చిందని అందరం ఆ పిల్లను కోడలా అంటాం. "కొట్టకుండా ఉండాలి," అంది, ఎవరికీ వినపడనట్టు. "మొహం మీద కొట్టకుండా ఉన్నా చాలు. పొద్దున్నే మీ అందరి ముందుకీ రావాలి కదా."

"మొహం మీదైతే తప్పు, వీపు మీదైతే ఒప్పా?" అని పెద్దమ్మ కసిరింది.

"నువ్వాపగలవా పెద్దమ్మా? ఆపలేవు కదా. అందుకే తక్కువే అడుగుతున్నా."

అటుగా వెళ్తున్న ఇంజనీరమ్మ గుమ్మంలో ఆగి అంతా వింటోందని అప్పుడు గమనించాం. తెల్ల హెల్మెటు పెట్టుకుని ఈ సైటులో తిరిగే ఒకే ఒక్క ఆడది ఆమె. కాంట్రాక్టరు ఎవరొచ్చినా ముందు ఆమెను చూపించేవాడు, మా దగ్గర ఆడ ఇంజనీరు ఉంది చూడండని.

"నాకెవరూ ఏదీ ఊరికే ఇవ్వలేదు," అంది ఆమె. "క్లాసంతా మగపిల్లల మధ్య చదివాను. ఆడదాన్నని ఎక్కడా చెప్పుకోలేదు, ఏడవలేదు. స్త్రీవాదమంటే అదీ. అడుక్కోవడం కాదు."

"మీరు ఏడవలేదు, సరే," అంది కాలేజీ పిల్ల. "వీళ్లు ఏడవకుండా ఉన్నందుకు వీళ్లకేం దక్కింది?"

"చదువుకోవాల్సింది."

"మాకెవరు చెప్పారమ్మా చదువుకోమని?" వదినకే కోపం వచ్చింది. "తట్ట పట్టుకోమన్నారు, పట్టుకున్నాం. మీకు హెల్మెటిచ్చారు, మాకిచ్చారా? పొడుగక్క మొగుడు పడ్డప్పుడు నెత్తిన ఏముంది?"

ఇంజనీరమ్మ మొహం ఎర్రబడింది. హెల్మెటు సర్దుకుని వెళ్లిపోయింది. అప్పుడు పొడుగక్క నడుములోంచి తాపీ తీసి ముందు పెట్టింది.

"నాకిది కావాలి. ఇవ్వకపోతే తట్టే మోస్తాను. కానీ ఒక్కదాన్నే ఉంటాను. ఆయనంటే నాకు ఇష్టం, ఆయన పోయాడు. ఇప్పుడు ఇంకొకణ్ణి కట్టుకుంటేనే నేను మనిషినంటే నాకొద్దు."

అంత పెద్ద కోరిక విని మాకు సిగ్గేసింది. ఇల్లు అడిగినా అంత సిగ్గుపడేవాళ్లం కాదు.

మర్నాడు కాంట్రాక్టరు వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పొడుగక్క తిన్నగా వెళ్లి అడిగింది. "మా ఆయన పని నాకివ్వండి. నేర్చుకుంటాను." తాపీ మేస్త్రీలు గొల్లుమన్నారు. ఆడది తాపీ పట్టిన గోడ పగులుతుందని వాళ్ల నమ్మకం. ఆడది కట్టిన గోడను వాళ్లలో ఎవరూ చూసి ఉండలేదు, అయినా పగులుతుందని మాత్రం అందరికీ తెలుసు.

కాంట్రాక్టరుకు ఆ రోజు పొద్దుపోవడం లేదు కాబోలు. "ఇటుకలివ్వండ్రా, చూద్దాం," అన్నాడు.

పని ఆపించి మరీ అందరినీ నిలబెట్టాడు. పొడుగక్క దారం కట్టింది. సిమెంటు మాలు పరిచింది, ఇటుక పెట్టింది, తాపీ పిడితో తట్టింది. మొగుడి చెయ్యి ఎలా ఆడేదో ఆమెకు తెలుసు, తన చెయ్యి మాత్రం అలా ఆడలేదు. మాలులో నీళ్లెక్కువయ్యాయి. నడుము ఎత్తుకొచ్చేసరికి గోడ పొట్ట ముందుకొచ్చింది. ఒక మేస్త్రీ తూకం గుండు వేలాడదీసి చూపించాడు. మగవాళ్లు పగలబడి నవ్వారు. రాడ్ల మనిషి కడుపు పట్టుకుని నవ్వాడు. మేమూ నవ్వాం.

కాంట్రాక్టరు లేచి బూటు కాలితో ఒక్క తన్ను తన్నాడు. పచ్చి గోడ ఆమె పాదాల మీద కూలింది.

"చూశారా? ఇదీ ఆడదాని చెయ్యి."

ఆమె కాళ్ల మీది ఇటుకలు తీసుకుంటూ అంది. "అయ్యా, మీ మేస్త్రీలు మొదటి రోజు కట్టిన గోడలు ఏవీ? ఒక్కటి చూపించండి. అవీ ఇలాగే తన్ని పడగొట్టి ఉంటారు. కానీ వాళ్లను మర్నాడు మళ్లీ కట్టనిచ్చారు కదా. నాకూ రేపొకటి ఇవ్వండి."

నవ్వులు కొంచెం తగ్గాయి. ఒక ముసలి మేస్త్రీ తల దించుకున్నాడు.

"నీకు రేపు లేదు," అన్నాడు కాంట్రాక్టరు. "స్లాబు సాయంత్రం వరకే."

ఆ తర్వాతి రోజు పొద్దున్న కోడలు పనికి రాలేదు. మీటింగులో కూర్చుందని మొగుడు రాత్రి చితకబాదాడు. కానీ ఆమె రాకపోతే అతనికీ పని లేదు. వరుస మొదలయ్యేవేళకు రెక్క పట్టుకుని బరబరా ఈడ్చుకొచ్చి మా మధ్య నిలబెట్టాడు, తట్ట చేతుల్లో పెట్టాడు, తన పనికి తాను పోయాడు. కోడలు ఒక తట్ట అందించింది. రెండోది అందిస్తూ పక్కనున్న పొడుగక్కను అడిగింది.

"అక్కా, నిన్ను పొద్దున్నే ఎవరు తన్ని లేపుతున్నారు?"

"ఎవరూ లేపరే. నేనే లేస్తాను."

"మరి నువ్వు పనికెలా వస్తున్నావు?"

"నడిచొస్తున్నాను."

ఆ పిల్ల వెక్కిరింతకు అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. తన్నకుండా ఒక ఆడది తనంతట తాను లేచి పనికి రాగలదని ఆ పిల్లకు తట్టలేదు. వరుసలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆ మాట వినపడింది. చేతులు ఆగలేదు గానీ ఎవరి కళ్లూ ఎవరి వైపూ చూడలేదు. ఆ మధ్యాహ్నం వదిన ఒక్కతే నీళ్ల డ్రమ్మును దొర్లించుకుంటూ తీసుకెళ్లి మళ్లీ పొడుగక్క గుమ్మం ముందు పెట్టింది.

"నీ మీద ప్రేమ పుట్టుకొచ్చిందనుకోకు," అంది. "నీళ్లు మోయలేక చస్తున్నాను."

తర్వాతి మీటింగులో వదినే ముందు మాట్లాడింది. "మా ఆయన మంచివాడే. కానీ రేపు ఆయన పడితే? నాకూ ఆ రాడ్లవాడేగా గతి?" ఒకరికి తలుపు, ఒకరికి సొంత చేతికి కూలీ, ఒకరికి దెబ్బలు లేని పొద్దు. ఎవరి కోరిక వాళ్లదే, కానీ అన్నిటికీ అడ్డంగా ఉన్నది ఒకటే జోడీ. అది పొడుగక్క దగ్గరే తెగాలి. స్లాబు రోజున సగం పోసేసరికి, లేదా ఆమె పెట్టె బయట పడగానే, ఆమె తట్ట దించుతుంది, వెంటనే అందరం దించి వరుస వదిలి బయటికి వచ్చేయాలి. స్లాబు మొదలుపెట్టాక మధ్యలో ఆగకూడదు, ఆగితే పోసింది ఎండి కొత్తదానితో అతుక్కోదు. ఆ సంగతి కాంట్రాక్టరుకు బాగా తెలుసు. అందుకే మా బేరం ఆ రోజే అనుకున్నాం.

స్లాబు రోజు వచ్చింది. ఎండ నెత్తి మీద కూర్చుంది. మిల్లరు తిప్పేది మా ఆయన, కంకర పోసేది నేను. నా దగ్గర నిండిన తట్ట చేతులు మారుతూ నిచ్చెన దాకా, నిచ్చెన మెట్ల మీది ఆడవాళ్ల చేతుల్లో పైకి, పైన మగవాళ్ల దాకా పోతోంది. స్లాబు సగమయ్యేసరికి గేటు దగ్గర మూటలతో ఒక కొత్త జోడీ దిగింది. సాయంత్రం దాకా ఆగుతానన్న సూపర్‌వైజరు ఆగలేదు. కొత్తవాళ్లకు షెడ్డు కావాలి. పొడుగక్క రేకు పెట్టెను బయటికి విసిరాడు. మూత ఊడి, చనిపోయినవాడి చొక్కా ఒకటి దుమ్ములో పడింది.

పొడుగక్క చూసింది. తట్ట దించింది. వరుసలోంచి బయటికి వచ్చింది.

వరుస పూడుకుపోయింది.

ఎవరూ మోసం చేయాలనుకోలేదు. చేతులు వాటంతటవే చాచుకున్నాయి, కాళ్లు ఒక్కడుగు పక్కకు జరిగాయి, ఆమె దించిన తట్టను కూడా ఎవరో ఎత్తి అందించేశారు. పొడుగక్క ఒక్కతే ఎండలో నిలబడి ఉంది. ఆమె లేని వరుస ఏ లోటూ లేకుండా నడుస్తోంది. ఏం జరిగిందో తెలిసి మాకు గుండె ఆగినంత పనైంది, చేతులు మాత్రం ఆగలేదు.

సూపర్‌వైజరు చప్పట్లు కొట్టి నవ్వాడు. "శభాష్! మీ అక్కను మీరే పూడ్చిపెట్టారు కదే!"

నిచ్చెన మొదట్లో ఉన్న పెద్దమ్మ చేతికి అప్పుడే ఒక తట్ట అందింది. పై మెట్టు మీదామె అందుకోవడానికి చేతులు చాచింది. పెద్దమ్మ ఇవ్వలేదు. తట్టను పొట్టకు ఆనించి పట్టుకుని నిలబడింది. వెనక నుంచి వదిన తన తట్ట చాచింది.

"అందుకో పెద్దమ్మా."

"నా చేతులు నిండి ఉన్నాయే."

వదిన ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత తన తట్టను దగ్గరికి లాక్కుంది. వెనకామె చాచింది, వదిన చేతులూ నిండి ఉన్నాయి. అలా ఒకరి తర్వాత ఒకరు, తట్ట అందుకున్నవాళ్లు అందుకున్నట్టే ఆగిపోతూ, వరుస నిండుతూ నా దాకా వచ్చింది. నేను ఆఖరి తట్ట నింపుకుని చేతుల్లోకి తీసుకున్నాను. దించితే మగవాళ్లు ఎత్తుకుపోతారు, అందిస్తే స్లాబు పూర్తవుతుంది. మోస్తున్నంతసేపే అది మా చేతుల్లో ఉంటుంది. ఖాళీ అయిన చోటును పూడ్చడమే మా చేతులకు తెలుసు. నిండిన చోట ఏం చేయాలో వాటికెవరూ నేర్పలేదు.

పొడుగక్క పరుగెత్తుకొచ్చింది. "జరగండే! నాకు చోటివ్వండే!" వరుస విడింది. నా చేతుల్లోని తట్ట ఆమెకిచ్చి, నేను మరొకటి నింపుకున్నాను. ఆమె తన చోట, నిచ్చెన దగ్గర నిలబడింది.

కాంట్రాక్టరు కారు దిగి చూశాడు. అరవలేదు, తిట్టలేదు. మగవాళ్లందరినీ కిందికి పిలిచాడు. "జోడీ రూలు తెలుసు కదా. ఎవడి పెళ్లాన్ని వాడు కదిలించుకోండి. కదలకపోతే ఇద్దరికీ పనీ లేదు, షెడ్డూ లేదు."

మగవాళ్లు దిగొచ్చారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. పొద్దున మా చేతి అన్నం తిన్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఎవరి ఆడదాని ముందు వాళ్లు నిలబడ్డారు. కొందరు బతిమాలారు. కొందరు జుట్టు పట్టుకున్నారు. వదిన మొగుడు, పల్లెత్తు మాట అనని ఆ మంచివాడు, ఆమె చెంప పగలగొట్టాడు. వదిన నమ్మలేనట్టు చూసింది, తట్ట మాత్రం వదల్లేదు. మా ఆయన నన్ను కొట్టలేదు, నా పక్కన నిలబడనూ లేదు. మిల్లరు ఆపేసి, సిగరెట్టు వెలిగించుకుని అటు తిరిగి కూర్చున్నాడు. తల దించుకున్న ఆ ముసలి మేస్త్రీ ఒక్కడే పెళ్లాం ఎదుట నిలబడి, ఆమె తట్టకు తన చెయ్యి కూడా ఆసరా పెట్టాడు.

పొడుగక్క ముందు ఎవరూ లేరు. ఆమెను కొట్టే హక్కున్నవాడు చచ్చిపోయాడు. కాంట్రాక్టరుకు ఒంటరి ఆడదంటే ఎందుకంత భయమో ఆ క్షణంలో మాకందరికీ అర్థమైంది.

"ఇది నా జోడీ కావాల్సిందే కదా," అంటూ రాడ్ల మనిషి ముందుకొచ్చాడు.

"నువ్వు నాకేమవుతావురా?" అంది పొడుగక్క. దెబ్బలు తింటున్న ఆడవాళ్లు కూడా ఫక్కున నవ్వారు. అతను చేతిలో ఉన్న రాడ్డుతో ఆమె కుడి మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఈసారి అందరికీ వినపడింది, మిల్లరు ఆగి ఉంది కదా. తాపీ పట్టాల్సిన చెయ్యి అది. తట్ట పడిపోబోతే ఎడమ చేత్తో నడుముకు అదిమి పట్టుకుంది.

కోడలి మొగుడు కొట్టి కొట్టి అలిసిపోయి, ఆమె పట్టుకున్న తట్టను కింద నుంచి ఎగదన్నాడు. పచ్చి కాంక్రీటు ఆ పిల్ల మొహం నిండా పడింది. సిమెంటు కళ్లలో పడితే వెంటనే కడగాలని సైటులో చంటిపిల్లలకు కూడా తెలుసు. "నీళ్లు! నీళ్లు!" అని అరిచాం. సూపర్‌వైజరు డ్రమ్ము మీద కాలు పెట్టి నిలబడ్డాడు.

"తట్టలు అందించండి, నీళ్లిస్తాను."

పొడుగక్క ఏడ్చేసింది. మొగుడు పోయినప్పుడు కూడా మా ముందు అలా ఏడవలేదు. "అందించేద్దామే. పిల్ల కళ్లు పోతాయి. నా షెడ్డూ వద్దు, ఏమీ వద్దు," అంటూ తన తట్టను పైకెత్తింది.

"ఇవ్వొద్దు!" కోడలు గావుకేక పెట్టింది. రెండు చేతులతో గాలిలో వెతుక్కుంటూ, కింద పడ్డ తన తట్టను పట్టుకుంది. అందులో మిగిలిందే మళ్లీ ఎత్తుకుని నిలబడింది. "ఇచ్చారంటే నా కళ్లు ఊరికే పోయినట్టే. ఇవ్వొద్దక్కా!"

సూపర్‌వైజరు డ్రమ్మును తన్ని దొర్లించాడు. నీళ్లన్నీ ఇసకలోకి పోయాయి.

ఇంజనీరమ్మ పై నుంచి పరుగున దిగొచ్చి తన సీసాలో నీళ్లు కోడలి కళ్లలో పోసింది. ఆలస్యమైపోయింది. తర్వాత పైకి వెళ్లి, ఒక ఊచతో స్లాబు అంచును పొడిచి చూసి, అక్కణ్ణుంచే చెప్పింది. "గట్టిపడింది. ఇక అతకదు. కొట్టేసి మళ్లీ పోయాల్సిందే."

"అతుకుతుందని చెప్పు," అన్నాడు కాంట్రాక్టరు.

"అతకదు. అబద్ధం చెప్పి జనాల్ని దీని కింద కాపురం పెట్టించలేను."

"నిన్ను పెట్టుకున్నది ఫొటోలకే. నువ్వూ తట్ట మోసుకునేదానివే, పో."

ఆమె హెల్మెటు తీసి పరంజా మీద పెట్టి దిగిపోయింది. మా వైపు చూడలేదు.

పోలీసులు వచ్చేసరికి మా తట్టల్లో కాంక్రీటు రాయిగా మారింది. స్లాబు పాడు చేశామని కేసు. ఇన్‌స్పెక్టరు వరుస ముందు నడుస్తూ పెద్దమ్మ దగ్గర ఆగాడు.

"నీ మొగుడెవరు? ఎవరి జోడీవి?"

"జోడీ లేదు. రాసుకో," అంది పెద్దమ్మ. ఆమె మొగుడు ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

"నువ్వు?"

"జోడీ లేదు," అంది వదిన, కమిలిన చెంపతో. ఆమె మొగుడు నేల చూశాడు. నన్నూ అడిగారు, నేనూ అదే అన్నాను. మా ఆయన సిగరెట్టు ఎప్పుడో ఆరిపోయింది, ఇంకా నోట్లోనే ఉంది.

కోడలి దగ్గరికొచ్చేసరికి ఆమె మొగుడు అడ్డుపడ్డాడు. "సార్, దీన్నొదిలెయ్యండి, నా పెళ్లాం. చెప్పవే, నా పేరు చెప్పు. ఇంటికి పోదాం. చెప్పవే!"

ఆ పిల్ల వాచిపోయిన రెప్పలతో గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది.

"ఎవరండీ మాట్లాడేది?" అంది. "నాకు కనపట్టం లేదు."

తర్వాత చెయ్యి పక్కకు చాచి, "ఇక్కడెవరున్నారు?" అనడిగింది. "నేనేనే," అంది పొడుగక్క. విరగని చెయ్యి అందించింది. వాళ్లిద్దరినీ వ్యానులో ముందు ఎక్కించారు. అందులో ఇంకొందరికే చోటుంది, మిగిలినవాళ్లను రోడ్డు మీదికి తరిమేశారు. మా పెట్టెలన్నీ పొడుగక్క పెట్టె పక్కన పడ్డాయి. ఆసుపత్రిలో కోడలికి ఒక కన్ను పూర్తిగా పోయిందన్నారు, రెండోదాని సంగతి చెప్పలేమన్నారు.

మర్నాడు పొద్దున్నే స్టేషను ముందు వరుస కట్టాం. మమ్మల్నెవరూ తన్ని లేపలేదు. చేతుల్లో రాయిగా మారిన తట్టలున్నాయి. పక్క సైట్ల నుంచి ఆడవాళ్లొచ్చారు. మగవాళ్లూ వచ్చారు, ముసలి మేస్త్రీ తీసుకొచ్చాడు. మా ఆయనా వచ్చి రోడ్డుకు అవతలి వైపు నిలబడ్డాడు. ఎండెక్కాక ఇటు దాటాడు. లోపల పొడుగక్క అడిగేది ఒక్కటే, నేనొక్కదాన్నే ఉంటాను, పని చేస్తాను. బయట మేము అరిచేదీ అదే. మొగుళ్లున్నవాళ్లం, లేనివాళ్లం, అందరం ఒకటే మాట అరుస్తున్నాం.

ఇంజనీరమ్మ వచ్చింది. హెల్మెటు లేకపోతే ఆమె ఎంత చిన్నపిల్లో అప్పుడే తెలిసింది. వరుస చివర, అందరికీ ఎడంగా నిలబడింది.

"ఈవిడెందుకిక్కడ?" అంది వదిన. "మొన్నటి దాకా మనల్ని అడుక్కునేవాళ్లంది."

"ఇప్పటికీ అదే అంటాను," అంది ఇంజనీరమ్మ. "అడుక్కోవద్దు. అందుకే వచ్చాను."

పెద్దమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "చివర నిలబడితే లాఠీ ముందు నీకే తగులుతుంది. మధ్యలోకి రా. జరగండే!"

వరుస అటూ ఇటూ జరిగింది. పెద్దమ్మ తన చేతిలోని రాతి తట్టను ఆమె చేతుల్లో పెట్టింది.

"బరువుంటుంది," అంది. "మోకాళ్లు కొంచెం వంచు. కింద మాత్రం పెట్టకు."